కొలిచాకే తీర్పు

పాడైన వస్తువు కనపడగానే మనకు రెండు రకాల తొందర పుడుతుంది. పారేసి కొత్తది కొనాలన్నది ఒకటి. వెంటనే వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్లి ఎక్కడో ఒకచోట అతికించేయాలన్నది రెండోది. మొదటిదాన్ని దుబారా అంటాం, రెండోదాన్ని పొదుపు అంటాం. కానీ రెండింటిలోనూ జరిగే తప్పు ఒక్కటే. ఏ భాగం అరిగింది, ఏది వంగింది, ఏది ఇంకా గట్టిగా ఉంది అన్నది చూడకుండానే తీర్పు చెప్పేస్తాం. ఈ అధ్యాయమంతా ఒకే వాదన చుట్టూ నడుస్తుంది. బాగుచేయడం చేతిపని కావడానికి ముందు తీర్పు చెప్పే పని. ఆ తీర్పుకు ఆధారం కొలత. కొలిచి, వేరుచేసి, ఆ తర్వాత తేల్చే అలవాటున్న మనిషి ఇనుము దగ్గర గానీ చదువు దగ్గర గానీ ఉన్నదాన్ని వృథా చేయడు, లేనిది ఉన్నట్టు భ్రమపడడు.

ఈ వాదనకు ఉదాహరణగా ట్రాక్టరు వెనక తగిలించే పాత బ్లేడును ఎంచుకున్నాను. అందుకు కారణం ఉంది. ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామంది హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లోని అద్దె గదుల్లో ఉంటూ గ్రూప్స్‌కో, ఎస్సై ఉద్యోగానికో చదువుతున్నవాళ్లు కావచ్చు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దంతా పుస్తకాల ముందు కూర్చునేవాళ్లలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. అలాంటి ఇళ్లలో కొట్టం పక్కనో, బోరు దగ్గరో తుప్పుపట్టిన బ్లేడు ఒకటి పడి ఉండటం కొత్త సంగతి కాదు. దానికి ఇంజిన్ లేదు, గేర్లు లేవు, వైర్లు లేవు. ఉన్నదంతా కంటికి కనపడుతుంది, టేపుకు అందుతుంది. లోపాన్ని కనిపెట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పనిముట్టు దొరకదు. పైగా అది బాగుపడితే ఇంటికి నిజంగానే పనికొస్తుంది. పొలం చదును చేయడానికి, వానకు కోసుకుపోయిన బండ్లబాటను సరిచేయడానికి, గట్టుకు మట్టి లాగడానికి, పశువుల కొట్టం ముందు పేరుకున్నదంతా ఒకపక్కకు తోయడానికి రోజూ అక్కరకొచ్చే సాధనం అది.

అరగడానికే పెట్టిన భాగం

బ్లేడును భాగాలుగా చూడటం మొదటి మెట్టు. నేలను తాకేది కింది అంచు, అంటే కటింగ్ ఎడ్జ్. దాని పైన మట్టిని దొర్లించే వంపు రేకు ఉంటుంది. ఆ రేకు వెనక దూలంలాంటి ఫ్రేమ్, బ్లేడును ఏటవాలుగా తిప్పుకోవడానికి నడిమి పిన్ను, ట్రాక్టరుకు తగిలించే నిలువు చట్రం ఉంటాయి. మంచి బ్లేడులో కింది అంచును వెల్డింగ్ చేయరు, బోల్టులతో బిగిస్తారు. చాలావాటికి రంధ్రాలు రెండు వైపులా సమాన దూరంలో ఉంటాయి. ఒకవైపు అరిగితే విప్పి తిప్పి బిగించవచ్చు, రెండో వైపూ అరిగితే ఆ పట్టీ ఒక్కటే మార్చవచ్చు. అంటే తయారుచేసినవాడికి ముందే తెలుసు, ఈ భాగం అరుగుతుందని. మిగతాదంతా నిలబడాలంటే ఇది అరగాలని ఆలోచించే దాన్ని విడిగా పెట్టాడు. అంచు అరిగిందని బ్లేడు మొత్తాన్ని పాతసామాన్లవాడికి తూకానికి అమ్మేస్తే ఆ ఆలోచనను మనం చదవలేకపోయినట్టే.

తిరగేసి చూస్తే ప్రమాదం ఇంకోచోట ఉంది. అంచు కొత్తగా మెరుస్తూ ఉండి, వెనక దూలంలో పగులు దాగి ఉండవచ్చు. రంగు వేసిన పాత బ్లేడు కొనేటప్పుడు జనం మోసపోయేది ఇక్కడే. కంటికి ముందు కనపడే భాగం, బరువు మోసే భాగం ఒకటి కావు. కాబట్టి పరిశీలన కనపడే చోటుతో ఆగకూడదు, బరువు ఏ దారిలో నేల నుంచి ట్రాక్టరుకు చేరుతుందో ఆ దారి వెంట నడవాలి. అంచు నుంచి బోల్టులకు, బోల్టుల నుంచి రేకుకు, రేకు నుంచి దూలానికి, దూలం నుంచి నడిమి పిన్నుకు, అక్కణ్నుంచి నిలువు చట్రానికి, చివరికి లింకు పిన్నులకు చేరాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా మిగతా బలమంతా అక్కడే ఆగిపోతుంది.

కొలిచే పద్ధతి

వైరు బ్రష్‌తో మట్టినీ పొరలు పొరలుగా లేచిన తుప్పునూ దులిపి, బ్లేడును చదునైన నేల మీద పెట్టండి. ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి కట్టి చూస్తే దూలం వంగిందో లేదో తెలిసిపోతుంది. అంచు ఎత్తును రెండు కొసల్లోనూ మధ్యలోనూ కొలిచి రాసుకోండి. ఒక కొస ఎక్కువగా అరిగి ఉంటే ఇన్నాళ్లూ బ్లేడు ఒకపక్కకు వాలి పనిచేసిందని అర్థం. ఆ వాలు బ్లేడులో ఉందా, ట్రాక్టరు లింకుల్లో ఉందా అన్నది తర్వాత తేల్చాలి. పిన్నుల మందం, పిన్ను దూరే రంధ్రాల వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారితే, నిలువుగా ఒక కొలత, అడ్డంగా ఒక కొలత వస్తుంది. ఆ తేడాయే అరుగుదల.

పగుళ్లు కనిపెట్టడానికి వర్క్‌షాపుల్లో ఒక పాత పద్ధతి ఉంది. అనుమానం ఉన్నచోట శుభ్రంగా తుడిచి కిరోసిన్ గానీ డీజిల్ గానీ రాసి కాసేపు ఉంచుతారు. తర్వాత గుడ్డతో పూర్తిగా తుడిచేసి సుద్ద పొడి రుద్దుతారు. పగులుంటే అందులోకి దిగిన నూనె మళ్లీ పైకి ఊరి తెల్లటి సుద్ద మీద నల్లటి గీతగా కనపడుతుంది. ఈ పరీక్షను పాత వెల్డింగ్ అతుకుల పక్కన, చట్రం మూలల్లో, నడిమి పిన్ను చుట్టూ తప్పకుండా చేయాలి. చివరగా ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఉంచవలసినవి, బాగుచేయవలసినవి, మార్చవలసినవి అని రాసి, ప్రతి భాగాన్నీ కొలతతో సహా ఏదో ఒక గడిలో పెట్టండి. ఏ గడిలో పెట్టాలో తేల్చుకోలేని భాగం మిగిలితే దాన్ని ఇంకా సరిగ్గా కొలవలేదని అర్థం. దూలం మెలితిరిగి, ఒకటికి మించిన చోట్ల పగిలి, తుప్పు తిని పలచబడి ఉంటే బ్లేడు మొత్తం మూడో గడిలోకే పోతుంది. అప్పుడు దాన్ని వదిలేయడం ఓటమి కాదు. కొలిచి వదిలేసిన వస్తువు మీద ఎవరికీ బెంగ ఉండదు.

బాగుచేసే పద్ధతి

బిగుసుకుపోయిన బోల్టులకు డీజిల్ పోసి రాత్రంతా ఉంచండి. అప్పటికీ రాకపోతే డీజిల్ శుభ్రంగా తుడిచేశాక నట్టును గ్యాస్ మంటతో వేడిచేయిస్తే అది వ్యాకోచించి వదులవుతుంది. విప్పిన బోల్టులను మళ్లీ వాడకుండా 8.8 గ్రేడు కౌంటర్‌సంక్ బోల్టులు తెచ్చుకోవడం మంచిది. తల అంచులోకి ఇమిడిపోయే బోల్టు కాకపోతే మట్టి ఒరిపిడికి తలే అరిగిపోతుంది. ఈ సామానుకు అశోక్‌నగర్‌లో ఉండేవాళ్లు దూరం పోనక్కర్లేదు. ట్యాంక్‌బండ్ దాటితే రాణిగంజ్‌లో బోల్టులు, బుష్‌లు, బేరింగులు, గ్రైండింగ్ చక్రాలు దొరుకుతాయి. అక్కడికి వెళ్లే దారిలోనే ఉన్న కవాడిగూడ, 1943లో మొదలై యంత్ర పరికరాలు తయారుచేసిన ప్రాగా టూల్స్ ఒకప్పుడు ఉన్న చోటు. ఆర్టీసీ క్రాస్‌రోడ్డుకు అటుపక్కన ఆజామాబాద్ పారిశ్రామికవాడ ఉంది. కోచింగ్ బోర్డుల మధ్య ఉండి మనం మరిచిపోతాం గానీ, ఈ పేటలు పుస్తకంతో పాటు లేత్ మిషన్‌నూ ఎరిగినవే.

వెల్డింగ్ విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. అన్ని ఇనుములూ ఒకటి కావు. దూలం, చట్రం మామూలు మెత్తటి ఉక్కు. వాటిని వెల్డింగ్ చేయవచ్చు. పగులు రెండు కొసల్లోనూ చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది. తర్వాత పగులు వెంట గ్రైండర్‌తో గాడి తీసి లోపలి నుంచి నింపుకుంటూ రావాలి. పైపైన గీసిన వెల్డింగ్ పగులును మూసిపెడుతుందే తప్ప మాన్పదు. ప్రతి షాపులోనూ ఉండే 6013 రాడ్డు తేలికపాటి పనికి సరిపోతుంది. బరువు మోసే అతుకుకు 7018 మేలు, కానీ ఆ రాడ్డు చెమ్మ తగలకుండా పొడిగా ఉండాలి. కింది అంచు మాత్రం గట్టి ఉక్కు. దాన్ని నేరుగా అతికిస్తే అతుకు పక్కన ఇనుము పెళుసుబారి, రాయి తగలగానే పగులుతుంది. అందుకే దాన్ని బోల్టులతోనే బిగించాలి. కోడిగుడ్డు ఆకారంలోకి మారిన రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపే బదులు, లేత్ షాపులో కొంచెం పెద్దది చేయించి గట్టి బుష్ దింపించండి. మళ్లీ అరిగితే బుష్ మారుస్తారు, చట్రం అలాగే ఉంటుంది. అరిగే భాగాన్ని విడిగా పెట్టాలన్న తయారీదారు ఆలోచననే మనం కొనసాగించినట్టు అవుతుంది.

తగిలించే పద్ధతి

ఎప్పుడో తయారైన బ్లేడు ఇవాళ జహీరాబాద్ మహీంద్రా కర్మాగారం నుంచి వచ్చిన ట్రాక్టరుకు ఎలా సరిపోతుంది? ఉత్తర ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ కింద రెండు లింకులు, పైన ఒకటిగా మూడు బిందువుల దగ్గర పనిముట్టును పట్టుకునే ఏర్పాటును రూపొందించాడు. 1939లో ఫోర్డ్–ఫెర్గూసన్ 9ఎన్ ట్రాక్టరుతో అది జనంలోకి వెళ్లింది. తర్వాత ప్రపంచమంతా దాన్నే ప్రమాణంగా తీసుకుంది, ఇప్పుడు దానికి కేటగిరీలవారీగా ఐఎస్‌వో 730 కొలతలున్నాయి. మొదటి కేటగిరీలో కింది పిన్ను మందం 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. రెండో కేటగిరీలో కిందిది సుమారు 28, పైది 25. కింది లింకులు తగిలేచోట వెడల్పు మొదటిదానికి 683 మిల్లీమీటర్లు, రెండోదానికి 825. మన దగ్గర ఎక్కువగా కనపడే 40–50 హార్స్‌పవర్ ట్రాక్టర్లకు సాధారణంగా రెండో కేటగిరీ ఉంటుంది. పాత బ్లేడు మొదటి కేటగిరీది అయితే 22 పిన్ను 28 రంధ్రంలో గిలకొడుతూ రెండింటినీ తినేస్తుంది. తొడుగు బుష్ వేయాలి, లేదా పిన్నులే మార్చాలి. ఎలాగోలా దూరింది కదా అని వదిలేయడం బాగుచేసిన పనినంతా చెడగొట్టుకోవడమే.

చదునైన చోట ముందు ఎడమ లింకు, తర్వాత కుడి లింకు, చివర టాప్ లింకు తగిలించాలి. చాలా ట్రాక్టర్లలో కింది లింకును ఎత్తే కుడి లిఫ్ట్ రాడ్డుకే ఎత్తు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఈ వరుస. విప్పేటప్పుడు తిరుగు వరుసలో పోవాలి. టాప్ లింకు నిడివి మారిస్తే బ్లేడు వాలు మారుతుంది. పైభాగం ముందుకు వాలితే అంచు నేలను గీరి చదును చేస్తుంది, వెనక్కి వాలితే నేలను కోసి లోతుకు దిగుతుంది. పక్క గొలుసులు బ్లేడు ఊగకుండా బిగించాలి. బ్లేడును ఎత్తినప్పుడు ముందు చక్రాల మీద ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు నిలవకపోతే స్టీరింగ్ పట్టు తప్పుతుంది. హైడ్రాలిక్ మీద ఎత్తి ఉంచిన బ్లేడు కిందికి చెయ్యి కూడా పెట్టకూడదు. దించి, ఇంజిన్ ఆపి, అప్పుడే ముట్టుకోవాలి. బ్లేడు ట్రాక్టరుకు తగిలి ఉండగా వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ తీగ విప్పేయాలి. మొదటి గంట మెత్తటి మట్టిలో, తక్కువ గేరులో నడిపి బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. అప్పటికీ ఒకపక్క లోతుగా కోస్తుంటే వెంటనే బ్లేడును తప్పుపట్టకండి. వెనక టైర్లలో గాలి సమానంగా ఉందా, లిఫ్ట్ రాడ్లు ఒకే నిడివిలో ఉన్నాయా చూడండి. లోపం పనిముట్టులో కాక దాన్ని లాగేదాంట్లో ఉండవచ్చు.

వచ్చే అభ్యంతరాలు

కొత్త బ్లేడు కొనలేనంత ఖరీదు కాదు, 2014–15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద యంత్రాలకు సబ్సిడీలు కూడా ఉన్నాయి, ఈ తంటా ఎందుకు అని అడగవచ్చు. నా వాదన పాతదాని తరఫున కాదు, కొలత తరఫున. కొలత మార్చమంటే మార్చండి. పాతదాన్ని విప్పి చూసినవాడు కొత్తది కొనేటప్పుడు కూడా అంచు బోల్టులతో ఉందా, నడిమి పిన్నుకు బుష్ ఉందా అని అడుగుతాడు. చూడనివాడు రంగు చూసి కొంటాడు. వెల్డింగ్ మేస్త్రీకి అన్నీ తెలుసు కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, ఆయన చేతి నేర్పు మనకు రాదు. కానీ అతికించమని చెప్పి వదిలేస్తే అతికిస్తాడు. ఈ రంధ్రం ఇంత అరిగింది, ఈ మూలలో పగులుంది, ఇది గట్టి ఉక్కు అని చెప్పి అడిగితే సలహా ఇస్తాడు. కొలత పట్టుకెళ్లినవాడికి ఆ నేర్పు పూర్తిగా దక్కుతుంది.

ఇవాళ్టి యంత్రాలు మనం విప్పేవి కావు, ఈ విద్య కాలం చెల్లింది అనేవాళ్లూ ఉంటారు. అలా విప్పనివ్వకపోవడం మీదే ఇవాళ ప్రపంచమంతా చర్చ నడుస్తోంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం రైతులు తమ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కుకు 2023లో చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు గుర్తించిన రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. హక్కు కాగితం మీద వస్తుంది, దాన్ని వాడుకునే తెలివి చేతిలో ఉండాలి. ఎవరి అనుమతీ అక్కర్లేని బ్లేడు దగ్గర ఆ తెలివి మొదలుపెట్టవచ్చు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పరీక్ష రాసేవాళ్లది. ప్రతి గంటా విలువైనప్పుడు బ్లేడు గొడవ మాకెందుకు? ఇనుము పని చేస్తే మార్కులు వస్తాయని నేను అనడం లేదు. పోటీ పరీక్షల చదువులో కొరవడుతున్నది చాలాసార్లు శ్రమ కాదు, తనిఖీ అంటున్నాను. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వచ్చిన గ్రూప్–1 నోటిఫికేషన్ సంగతే తీసుకోండి. 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న మరోసారి ప్రిలిమ్స్ జరిగింది. ఈ రెండు రద్దుల్లో అభ్యర్థి లోపం ఏదీ లేదు. బ్లేడు సరిగ్గానే ఉండి ట్రాక్టరు లింకు వంకరగా ఉన్న సందర్భం అది. అయినా ఆ నష్టాన్ని తన చేతకానితనంగా మోసుకుని తిరిగినవాళ్లు ఉన్నారు. అది తప్పు తీర్పు. నిజంగా తన లోపం ఉన్నచోట కూడా అదంతా వ్యవస్థ మీదికి నెట్టడం ఇంకో తప్పు తీర్పు. రెండూ కొలవకపోవడం వల్ల వచ్చినవే.

150 ప్రశ్నల ప్రిలిమ్స్‌లో తప్పిన ప్రశ్నలను తీసుకుని మూడు గడుల్లో పెట్టి చూడండి. అసలు చదవనివి, చదివి మరిచినవి, తెలిసీ ప్రశ్న సరిగ్గా చూసుకోక పోగొట్టుకున్నవి. మొదటి గడి నిండితే కొత్త పుస్తకం కావాలి. రెండోది నిండితే పాత పుస్తకమే మళ్లీ తిరగేయాలి. మూడోది నిండితే ఏ పుస్తకమూ అక్కర్లేదు, గడియారం పెట్టుకుని నమూనా పరీక్షలు రాయాలి. ఒక ఓటమి తర్వాత కోచింగ్ మార్చి, గది మార్చి, పుస్తకాలన్నీ కొత్తవి కొని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేవాడు అంచు అరిగిందని బ్లేడంతా అమ్మేసినవాడితో సమానం. ఏమీ మార్చకుండా అదే పద్ధతిలో ఇంకో ఏడాది గడిపేవాడు పగులు మీద రంగు వేసినవాడు. ఇద్దరూ కష్టపడుతూనే ఉంటారు, అందుకే తమ తప్పు వాళ్లకు కనపడదు.

కాబట్టి ఈసారి పండక్కి ఊరికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక టేపు, ఒక వెర్నియర్, ఒక సుద్దముక్క వేసుకెళ్లండి. ట్రాక్టరు తోలే నాన్ననో, అన్ననో, బాబాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ బ్లేడు ఎక్కడ ఎదురు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంత ఏ కొలతకూ తెలియదు, కాబట్టి ముందు వాళ్లు చెప్పేది వినండి. తర్వాత కొలిచి మూడు గడుల కాగితం నింపండి. బ్లేడు మిగులుతుందో లేదో ఆ కాగితమే చెబుతుంది. తిరిగి అశోక్‌నగర్‌కు వచ్చాక అలాంటిదే ఇంకో కాగితం తీసి, మీ చివరి పరీక్ష పేపరును ముందు పెట్టుకోండి. అది నింపేదాకా కొత్త పుస్తకం కొనకండి, కొత్త కోచింగ్‌లో చేరకండి, మిమ్మల్ని మీరు పనికిరానివాళ్లుగా తీసిపారేయకండి.